ఓడినవాడికి ఎల్లుండి మ్యాచ్

2025 జనవరి 13న మెల్‌బోర్న్‌లోని రాడ్ లేవర్ అరీనాలో ఆస్ట్రేలియన్ ఓపెన్ తొలి రౌండు మ్యాచ్ ఒకటి జరిగింది. మొదటి సెట్ ముగిసేసరికి బోర్డు మీద 6-4 అని పడింది. గెలిచింది పందొమ్మిదేళ్ల నిశేష్ బసవరెడ్డి. నెట్‌కు అవతల ఉన్నది ఆ టోర్నీని పదిసార్లు గెలిచిన నొవాక్ జొకోవిచ్. నిశేష్ అమ్మానాన్నలు నెల్లూరు నుంచి అమెరికా వెళ్లి స్థిరపడినవాళ్లు. అతను పుట్టింది కాలిఫోర్నియాలో, పెరిగింది ఇండియానా రాష్ట్రంలోని కార్మెల్‌లో. కొద్ది వారాల కిందటిదాకా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఆ కాలేజీ జట్టుకు ఆడినవాడు. గ్రాండ్‌స్లామ్ ప్రధాన డ్రాలో అతనికి అదే మొదటి మ్యాచ్. తర్వాతి మూడు సెట్లూ 6-3, 6-4, 6-2తో జొకోవిచ్ గెలుచుకున్నాడు, అది వేరే సంగతి. మర్నాడు అందరూ మాట్లాడుకున్నది మాత్రం ఆ మొదటి సెట్ గురించే. 2024 మొదట్లో 450కి అవతల ఎక్కడో ఉన్న ర్యాంకు ఏడాది తిరిగేసరికి 138కి వచ్చింది. ఆ ఏడాదే తిబురాన్‌లో ఒకటి, ప్యూర్టో వల్లార్టాలో మరొకటి, ప్రధాన టూర్‌కు కింది మెట్టు అయిన ఛాలెంజర్ స్థాయిలో రెండు టైటిళ్లు. ఇరవై, ఆ లోపు వయసు వాళ్లలో ప్రపంచంలోకెల్లా మెరుగైన ఎనిమిది మందికి పెట్టే జెడ్డా టోర్నీలో చోటు. ఇంత తక్కువ కాలంలో ఇంత ఎత్తుకు ఎదిగాడంటే ఆటలో ఏదో పెద్ద మార్పే వచ్చి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. వచ్చింది చాలా చిన్న మార్పే అయి ఉంటుందని ఈ అధ్యాయం వాదిస్తుంది. ఆ చిన్న మార్పు రావడానికి ఆటగాడికి కావలసింది విజయాలు కావనీ, ఓడిన రెండు రోజులకే మళ్లీ ఆడే వీలనీ, ప్రొఫెషనల్ టెన్నిస్ ఇవ్వలేని ఆ వీలును కాలేజీ టెన్నిస్ ఇస్తుందనీ వాదిస్తుంది.

చిన్న మార్పు అని ఎందుకంటున్నామో తెలియాలంటే టెన్నిస్ స్కోరు లెక్క పని చేసే తీరు చూడాలి. రోజర్ ఫెదరర్ 2024లో డార్ట్‌మత్ కాలేజీ పట్టభద్రుల ముందు మాట్లాడుతూ తన జీవితం మొత్తం మీద ఆడిన 1,526 సింగిల్స్ మ్యాచ్‌లలో దాదాపు 80 శాతం గెలిచానని చెప్పి, పాయింట్లలో గెలిచింది ఎంత శాతమని అడిగాడు. జవాబు 54. అంటే అంతటి ఫెదరర్ కూడా దాదాపు రెండు పాయింట్లలో ఒకటి పోగొట్టుకున్నాడు. ఇది వింతగా ఉన్నా లెక్క వేసి చూస్తే వింతేమీ లేదు. సర్వీసు ఎవరిదన్నది పక్కనపెట్టి, ఒక ఆటగాడు ప్రతి పాయింటునూ నూటికి 54 పాళ్ల అవకాశంతో గెలుస్తాడనుకుందాం. ఒక గేమ్ గెలవాలంటే కనీసం నాలుగు పాయింట్లు, రెండు పాయింట్ల తేడా కావాలి కాబట్టి ఆ 54 కాస్తా గేమ్ దగ్గరికి వచ్చేసరికి 60 అవుతుంది. ఆరు గేముల సెట్ దగ్గర సుమారు 76. మూడు సెట్ల మ్యాచ్ దగ్గర 86. అదే నూటికి 51 పాయింట్లు గెలిచేవాడైతే మ్యాచ్‌లలో దాదాపు 60 శాతమే గెలుస్తాడు. మూడు పాయింట్ల తేడా గేముల మెట్టు, సెట్ల మెట్టు ఎక్కి మ్యాచ్ దగ్గరికి చేరేసరికి ఇరవై ఆరు అవుతుంది. గోరంతను కొండంత చేయడమే ఈ స్కోరు పద్ధతి పని. ర్యాంకుల పట్టికలో మనకు కనిపించేది ఆ కొండ. గోరంత తేడా కోర్టు మీద ఉంటుంది, దాన్ని చూసి పట్టుకోవడం శిక్షకుడికే కష్టం. కాబట్టి ఒక కుర్రాడి ర్యాంకు ఏడాదిలో 450 నుంచి 138కి చేరితే అతని ఆట మూడింతలు మెరుగుపడిందని కాదు. నూటికి రెండో మూడో పాయింట్లు ఎక్కువ గెలవడం నేర్చుకున్నాడని అర్థం. ఇందులో కుర్రాడి గొప్పతనాన్ని తగ్గించే మాటేమీ లేదు. ఆ రెండు పాయింట్లు సంపాదించలేకే వేలమంది ఆట మానేస్తారు.

పద్దెనిమిదేళ్ల వయసులో నూటికి 49 పాయింట్లు గెలుస్తున్నవాడి సంగతి చూద్దాం. లెక్క ప్రకారం అతను నూటికి నలభై మ్యాచ్‌లు గెలుస్తాడు. 49 నుంచి 52కి చేరడానికి అతనికి రెండేళ్లు పడుతుందనుకుంటే, ఆ రెండేళ్లు అతను ఎక్కడ ఆడాలి? ప్రొఫెషనల్ నిచ్చెన అడుగు మెట్టు మీద 15,000 డాలర్ల టోర్నీలు ఉంటాయి. ప్రధాన డ్రాలో 32 మంది. ఒక మ్యాచ్ జరిగితే ఒకరు బయటికి పోతారు కాబట్టి విజేత తేలడానికి 31 మ్యాచ్‌లు కావాలి. ఒక్కో మ్యాచ్‌కు ఇద్దరు, మొత్తం 62 చోట్లు, వాటిని 32 మందికి పంచితే తలకు రెండుకన్నా తక్కువ. అందులో పదహారు మంది ఒక్క మ్యాచ్ ఆడి సంచీ సర్దుకుంటారు. ఏ టర్కీకో ఈజిప్టుకో విమానమెక్కి, హోటల్లో దిగి, గంటన్నర ఆట ఆడి, వచ్చే సోమవారం దాకా ఖాళీ. మొదటి రౌండులో ఓడినవాడి చేతికి 156 డాలర్లు వస్తాయి. విజేతకే 2,160. హోటలు గది, రాకెట్‌కు తంతులు కట్టించుకునే ఖర్చు ఇందులో తీసేస్తే ఏం మిగులుతుందో చెప్పనక్కర్లేదు. అయితే డబ్బుకన్నా పెద్ద లోపం ఈ పద్ధతి స్వభావంలోనే ఉంది. నాకౌట్‌లో ఎక్కువ మ్యాచ్‌లు ఆడేది గెలిచేవాడే, అంటే ఇప్పటికే బాగా ఆడేవాడు. నేర్చుకోవలసిన అవసరం ఎక్కువున్నవాడికి ఆట తక్కువ దొరుకుతుంది. బాగా చదివే పిల్లాడికి రోజుకు ఆరు పీరియడ్లు, వెనకబడ్డవాడికి ఒకే పీరియడ్ ఉన్న బడి లాంటిదిది. ఎవరు గట్టివాడో తేల్చడానికి నాకౌట్ చక్కగా పనికొస్తుంది. గట్టివాణ్ణి తయారు చేయడం దాని పని కాదు, అందుకని ఎవరూ దాన్ని రూపొందించలేదు కూడా.

కాలేజీ పోటీ స్వరూపమే వేరు. అమెరికా కాలేజీ టెన్నిస్‌లో ఒక జట్టు మరో జట్టుతో ఆడుతుంది. ముందు మూడు కోర్టుల్లో మూడు డబుల్స్ జరుగుతాయి. అందులో రెండు గెలిచిన జట్టుకు ఒక పాయింటు. తర్వాత ఆరు కోర్టుల్లో ఆరు సింగిల్స్ ఒకేసారి మొదలవుతాయి, ఒక్కోటి ఒక పాయింటు. మొత్తం ఏడులో నాలుగు ముందు ఎవరికి వస్తే వాళ్లది గెలుపు. నిజంగా ఆ కోర్టుల పక్కన నిలబడితే టీవీలో చూసే టెన్నిస్ కాదిది అనిపిస్తుంది. ఒకటో కోర్టులో ఇద్దరు ఇంకా రెండో సెట్ మధ్యలో ఉండగా నాలుగో కోర్టులో ఎవడో అరుస్తాడు, ఆరో కోర్టు వైపు నుంచి చప్పట్లు, పక్క కోర్టులోని సహచరుడు పాయింటుకూ పాయింటుకూ మధ్య తల తిప్పి బోర్డు చూసుకుంటాడు. స్కోరు 3-3 అయితే మిగిలిన ఒక్క కోర్టు చుట్టూ రెండు జట్లూ గుమిగూడతాయి. ఆ కోర్టులో ఉన్నది జట్టులో ఆఖరివాడైనా సరే, ఆ సాయంత్రం బరువంతా అతని మీదే. ఇందులో మన వాదానికి ముఖ్యమైనది ఆ సందడి కాదు. ఈ రోజు ఓడినవాడు ఎల్లుండి మరో కాలేజీ మీద మళ్లీ ఆడతాడు. అతను గెలిచాడా ఓడాడా అన్నదాన్ని బట్టి అతనికి దొరికే మ్యాచ్‌ల సంఖ్య మారదు. పైగా జట్టులో అతని స్థానం అతని స్థాయిని బట్టే ఉంటుంది: ఆరో స్థానంవాడు అవతలి ఆరో స్థానంవాడితో ఆడతాడు, మెరుగుపడితే పైకి జరుగుతాడు. తనకన్నా బొత్తిగా తక్కువవాడితో ఆడినా, అందనంత ఎత్తులో ఉన్నవాడితో ఆడినా నేర్చుకునేది తక్కువ. కొంచెం అటూ ఇటూగా సమానమైనవాడితో పదే పదే ఆడితేనే ఆ రెండు మూడు పాయింట్లు పెరుగుతాయి. నారుమడిలో మొక్కలన్నింటికీ ఒకే నీరు అందుతుంది. ఏది బలంగా ఎదుగుతుందో నాటాక తెలుస్తుంది.

ఇంకో చిన్న నిబంధన ఉంది, చాలామంది పట్టించుకోరు. ప్రొఫెషనల్ టెన్నిస్ సింగిల్స్‌లో 40-40 దగ్గర డ్యూస్ అవుతుంది, వరసగా రెండు పాయింట్లు గెలిస్తేగాని గేమ్ రాదు. కాలేజీలో డ్యూస్ లేదు. 40-40 అయితే తర్వాతి ఒక్క పాయింటుతో గేమ్ తేలిపోతుంది. పాయింట్లలో నూటికి 60 గెలిచేవాణ్ణి తీసుకుంటే, డ్యూస్ పద్ధతిలో 40-40 నుంచి అతను గేమ్ గెలిచే అవకాశం 69. కాలేజీ పద్ధతిలో 60 మాత్రమే. అంటే కాలేజీ ఆట మెరుగైనవాడి ఆధిక్యాన్ని కొంత కోసేస్తుంది, అదృష్టానికి చోటిస్తుంది. ఆటను పాడు చేశారని దీన్ని తిట్టినవాళ్లున్నారు. పోటీ న్యాయం దృష్టితో చూస్తే వాళ్లు చెప్పింది నిజమే. నేర్చుకునే వయసులో ఉన్నవాడి దృష్టితో చూస్తే మాత్రం ఇదే మేలు. ఒక్కో మ్యాచ్‌లో ఇలాంటి తాడో పేడో పాయింట్లు అనేకం వస్తాయి. ప్రొఫెషనల్ ఆటలో బ్రేక్ పాయింట్ దగ్గర చెయ్యి బిగుసుకుపోవడమనే జబ్బు ఉంది. దానికి మందు ఆ పరిస్థితిని మళ్లీ మళ్లీ ఎదుర్కోవడమే. వారానికి ఒక్క మ్యాచ్ దొరికే కుర్రాడికన్నా కాలేజీ కుర్రాడికి ఆ మందు ఎన్నో రెట్లు అందుతుంది.

ఈ పద్ధతి ఫలితం స్పష్టంగా కనిపించే ఉదాహరణ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం. బెన్ షెల్టన్ ఏడో తరగతి దాకా అమెరికన్ ఫుట్‌బాల్ మోజులో ఉండి ఆలస్యంగా టెన్నిస్‌కు వచ్చినవాడు. తండ్రి బ్రయన్ ఒకప్పటి ప్రొఫెషనల్, అప్పట్లో అక్కడి జట్టు శిక్షకుడు. 2021లో ఫ్లోరిడా జాతీయ జట్టు టైటిల్ గెలిచినప్పుడు ఆ గెలుపును ఖరారు చేసిన మ్యాచ్ మొదటి ఏడాది విద్యార్థి అయిన బెన్‌దే. అప్పటికి జట్టులో అతనిది పై స్థానం కాదు. అదే ఏడాది సింగిల్స్ జాతీయ ఛాంపియన్ ఎవరంటే అదే జట్టులోని శామ్ రిఫీస్. అంటే బెన్‌కు దేశంలోకెల్లా మేటి కాలేజీ ఆటగాడు ప్రాక్టీసులో రోజూ నెట్‌కు అవతల ఉన్నాడు. 2022లో సింగిల్స్ టైటిల్ బెన్ గెలిచాడు. ఆ జూలైలో అట్లాంటాలో తొలి ఏటీపీ మ్యాచ్ గెలిచాడు, అది మన రామ్‌కుమార్ రామనాథన్ మీద. ఆగస్టులో సిన్సినాటిలో కాస్పర్ రూడ్‌ను 6-3, 6-3తో ఓడించి ప్రొఫెషనల్ అయ్యాడు. నవంబరులో వరసగా మూడు ఛాలెంజర్ టైటిళ్లు. 2023 జనవరిలో మొదటిసారి అమెరికా దాటి ఆస్ట్రేలియా వెళ్లి క్వార్టర్‌ఫైనల్ ఆడాడు, సెప్టెంబరులో యూఎస్ ఓపెన్ సెమీఫైనల్. 2025లో టొరంటోలో మాస్టర్స్ టైటిల్ గెలిచాడు.

మేటి పోటీదారులు కావలసినంతమంది ఉన్నా శరీరం సిద్ధం కాకపోతే ఆ రెండు పాయింట్లు రావు. ఇక్కడ సర్వీసు చూడాలి, ఎందుకంటే ఎదుటివాడి ప్రమేయం లేకుండా ఆటగాడు కొట్టే దెబ్బ అదొక్కటే. కోర్టు పొడవు 23.77 మీటర్లు. బేస్‌లైన్ నుంచి నెట్ 11.885 మీటర్ల దూరం, నెట్ నుంచి బంతి పడాల్సిన సర్వీస్ గీత 6.40 మీటర్లు. నెట్ నడుమ ఎత్తు 91.4 సెంటీమీటర్లు. సర్వీసు కొట్టే క్షణంలో బంతి ఎత్తు సుమారుగా ఆటగాడి ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. నిశేష్ ఎత్తు 1.80 మీటర్లు, అంటే బంతి దాదాపు 2.70 మీటర్ల ఎత్తులో రాకెట్‌కు తగులుతుంది. అక్కడి నుంచి సర్వీస్ గీత దాకా తిన్నగా ఒక తాడు లాగితే అది నెట్ మీదుగా 3 సెంటీమీటర్ల ఎత్తున మాత్రమే పోతుంది. బంతి వ్యాసార్ధమే అంతకన్నా కొంచెం ఎక్కువ కాబట్టి తిన్నని బంతికి దారే లేదు. 1.93 మీటర్ల షెల్టన్‌కు బంతి 2.90 మీటర్ల ఎత్తున తగులుతుంది, తాడు నెట్‌కు 10 సెంటీమీటర్ల పైనుంచి పోతుంది. 2.08 మీటర్ల జాన్ ఇజ్నర్‌కు దాదాపు 18. ఇది భూమ్యాకర్షణ లేని లోకపు లెక్క, నిజంగా బంతి కొంత కిందికి వంగుతుంది కాబట్టి నెట్ మీద బంతి పోయే ఆ కిటికీ అందరికీ ఇంతకన్నా పెద్దదే. తేడా మాత్రం పోదు. ఒంటి ఎత్తులో పదమూడు సెంటీమీటర్ల తేడా కిటికీని మూడింతలు చేస్తోంది. షెల్టన్ 2023 యూఎస్ ఓపెన్‌లో టామీ పాల్ మీద ఒకే గేమ్‌లో రెండుసార్లు గంటకు 240 కిలోమీటర్ల వేగంతో సర్వీసు కొట్టగలిగాడంటే ఆ కిటికీ ఒక కారణం.

మరి 1.80 మీటర్ల కుర్రాడేం చేయాలి? బంతిని తిప్పాలి. పైనుంచి ముందుకు దొర్లేలా తిప్పితే గాలి దాన్ని కిందికి నెడుతుంది, నెట్ మీదుగా ఎత్తుగా పోయి కూడా గీత లోపల పడుతుంది. కాని తిప్పడానికి వెచ్చించిన బలం వేగంలో తగ్గుతుంది. వేగం, తిప్పడం రెండూ కావాలంటే మొత్తం బలమే పెరగాలి. ఆ బలం చేతిలో పుట్టదు. సర్వీసులో శక్తి నేలను తన్నే కాళ్లతో మొదలై, తుంటి, నడుము మీదుగా భుజానికి, అక్కడి నుంచి మోచేతికి, మణికట్టుకు పాకుతుంది. సగం దాకా కాళ్లు, నడుమే ఇస్తాయి. అవి బలహీనంగా ఉంటే ఆ లోటు భుజం భర్తీ చేయబోతుంది, భుజం చెడుతుంది. పదిహేడేళ్లకు ఎత్తు దాదాపు పూర్తయినా మొండెం కండరాలు, వీపు ఎముకలు అప్పటికి పూర్తిగా గట్టిపడవు. మెడ కింది కాలర్ ఎముక లోపలి కొన ఇరవై దాటి చాలా కాలానికిగాని అతుక్కోదు. ఒళ్లు గట్టిపడే ఆ పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి దాకా కాలం కాలేజీ కాలంతో సరిగ్గా కలిసిపోవడం ఎవరూ వేసిన పథకం కాదు, కాని కలిసింది. జిమ్ము, ఫిజియో, వేళకు తిండి, ఒకే ఊళ్లో నిద్ర, ఇవన్నీ ఊరూరా తిరిగే పద్దెనిమిదేళ్ల ప్రొఫెషనల్‌కు డబ్బు పెట్టి కొనుక్కోవలసిన సరుకులు. మెల్‌బోర్న్‌లో మొదటి సెట్ గెలిచిన నిశేష్ ఆట చేతిలో ఉంది. ఆ తర్వాతి సెట్లలో అతన్ని నిలబడనివ్వనిది శరీరం. మూడు సెట్లకు అలవాటైన ఒంటికి ఐదు సెట్ల మ్యాచ్ వేరే పరీక్ష.

ఇక్కడ న్యాయమైన ప్రశ్న ఒకటి వస్తుంది. కార్లోస్ అల్కరాజ్ పంతొమ్మిదేళ్లకే, 2022లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. అతని ప్రధాన ప్రత్యర్థి సినర్ కాలేజీ ముఖం చూడలేదు. మన హైదరాబాద్ సానియా మీర్జా పద్దెనిమిదేళ్లకు, 2005లో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండు చేరి, ఆ ఫిబ్రవరిలోనే హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ టైటిల్ గెలిచింది. మరి కాలేజీ ఎందుకు? పద్దెనిమిదేళ్లకే నూటికి 53 పాయింట్లు గెలిచేవాళ్లకు నాకౌట్ ఆకలి పెట్టదు, గెలుస్తారు కాబట్టి వాళ్లకు మ్యాచ్‌లు దొరుకుతాయి. వాళ్ల విషయంలో ఈ వాదం అసలు వర్తించదు. ఆడవాళ్లలో ఒళ్లు ముందుగా పక్వానికి రావడం వల్ల ఈ అవసరం మగవాళ్లలో ఉన్నంత పదునుగా ఉండదు కూడా. అయినా వర్జీనియా విశ్వవిద్యాలయం తరఫున 2014, 2016లలో కాలేజీ ఛాంపియన్ అయిన డానియెల్ కాలిన్స్ 2022లో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ ఆడింది. అదే కాలేజీ నుంచి 2021లో ఛాంపియన్ అయిన ఎమ్మా నవారో 2024లో యూఎస్ ఓపెన్ సెమీస్ ఆడింది. ఇంకో మాట. బెకర్ 1985లో పదిహేడేళ్లకు వింబుల్డన్, చాంగ్ 1989లో పదిహేడేళ్లకు ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన రోజుల్లో కాలేజీకి వెళ్లడమంటే రైలు తప్పిపోవడమే. జొకోవిచ్ 36 ఏళ్లకు 2023 యూఎస్ ఓపెన్ గెలిచిన కాలంలో ఇరవై ఒకటికి మొదలుపెట్టినవాడి ముందు పదిహేనేళ్లు ఉన్నాయి. రైలు బయలుదేరే వేళే మారింది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటి. మనం లెక్కపెట్టింది గెలిచినవాళ్లనే కదా? షెల్టన్, ఇజ్నర్, ఇల్లినాయ్ నుంచి వచ్చి వింబుల్డన్ ఫైనల్ ఆడిన కెవిన్ ఆండర్సన్, టెక్సస్ క్రిస్టియన్ నుంచి వచ్చిన కామెరాన్ నోరీ, వీళ్ల పేర్లు చెప్పి కాలేజీ గొప్పదనడం లాటరీ గెలిచినవాణ్ణి చూపించి టికెట్లు అమ్మడం లాంటిది. ఏటా వేలమంది ఆడతారు, చాలామంది ఎక్కడా కనబడరు. బెన్‌కు ముందటేడాది ఛాంపియన్ అయిన రిఫీస్ తొలి వందలోకి రాలేదు. ఇద్దరిదీ ఒకే జట్టు, ఒకే శిక్షకుడు, అవే కోర్టులు. దీనికి మంచి ఉదాహరణ మన చేతిలోనే ఉంది. 2007 కాలేజీ ఫైనల్లో వర్జీనియా తరఫున సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్, జార్జియా తరఫున జాన్ ఇజ్నర్ తలపడ్డారు. సోమ్‌దేవ్ గెలిచాడు, మరుసటేడాది కూడా గెలిచాడు. తర్వాత సోమ్‌దేవ్ అత్యుత్తమ ర్యాంకు 62. ఇజ్నర్‌ది 8. ఓడినవాడు ఫైనల్ జరిగిన రెండు మూడు నెలలకే వాషింగ్టన్‌లో వరసగా ఐదు మ్యాచ్‌లు మూడో సెట్ టైబ్రేకర్లలో గెలిచి ఫైనల్ చేరాడు. పద్దెనిమిది సెంటీమీటర్ల ఆ కిటికీని గుర్తు తెచ్చుకుంటే ఇందులో వింతేమీ కనబడదు. కాలేజీ సమానుల మధ్య ఎవరు మెరుగో చెబుతుంది. పై మెట్టులో ఏ ఆయుధం పదును పోకుండా నిలుస్తుందో చెప్పదు. కాబట్టి కాలేజీ ఛాంపియన్లను తయారు చేస్తుందన్న వాదాన్ని వదులుకోవలసిందే. అదీగాక కాలేజీ లేకపోతే వీళ్లు ఏమయ్యేవారో చూసే దారి లేదు, ఒక మనిషి రెండు జీవితాలు బతకడు.

వదులుకోకుండా మిగిలేది చిన్న వాదం, కాని నా ఉద్దేశంలో గట్టిది. పద్దెనిమిదేళ్లకు ఎవరు పైకి వస్తారో ఎవరికీ తెలియదు కాబట్టి, తెలుసుకోవడానికి అయ్యే ఖర్చు ఎంతన్నది అసలు ప్రశ్న. నాకౌట్ నిచ్చెన మీద రెండేళ్లు గడిపి రాలేకపోయినవాడికి అప్పులు, చదువు లేని ఇరవై ఏళ్లు మిగులుతాయి. కాలేజీలో రాలేకపోయినవాడికి డిగ్రీ మిగులుతుంది. రిఫీస్ కథను వైఫల్యం అనలేనిది ఇందుకే. కాలేజీ ఉచితమేం కాదు మరి. 2025 దాకా పురుషుల జట్టుకు మొత్తం నాలుగున్నర స్కాలర్‌షిప్‌లే ఉండేవి, ఆ ముక్కలను ఎనిమిది పదిమంది పంచుకునేవారు. ఆడవాళ్లకు ఎనిమిది. పైగా విద్యార్థిగా ఉన్నంతకాలం ప్రైజ్ మనీలో ఖర్చులకు మించి తీసుకోకూడదన్న అమెచ్యూర్ నిబంధన ఒకటి. ఈ నిబంధన మీద అమెరికాలో 2024 నుంచి కోర్టు వ్యాజ్యం నడిచింది, నడవడమే సబబు. 2025లో మెల్‌బోర్న్‌లో తొలి రౌండు ఓడినవాడికి 1,32,000 ఆస్ట్రేలియన్ డాలర్లు వచ్చాయి. అమెరికా టెన్నిస్ సంఘం ఇచ్చే వైల్డ్‌కార్డును ఛాలెంజర్లలో ఆడి సంపాదించుకున్న నిశేష్, 2024 డిసెంబరులో స్టాన్‌ఫర్డ్ వదిలి ప్రొఫెషనల్ కావడంలో ఈ అంకె పాత్ర ఎంతో ఊహించడం కష్టం కాదు. అడుగు మెట్టు టోర్నీలు ముప్ఫై గెలిచినా అంత రాదు. ఒక్క ఓటమికి అంత ఇచ్చే చోటు ముందు చదువు నిలవడం కష్టం.

తెలుగువాళ్లకు ఈ దారి కొత్తదేం కాదు. ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయంలో ఆడి వచ్చినవాడే. 2014 ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు, 2016లో క్వాలిఫయింగ్ గెలిచి యూఎస్ ఓపెన్ సింగిల్స్ ప్రధాన డ్రాలో ఆడాడు. సహజ యమలపల్లి టెక్సస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్‌లో ఆడింది. పురుషుల కాలేజీ జట్లలో సగానికి పైగా విదేశీయులే. అంటే ప్రపంచం తన పద్దెనిమిదేళ్ల పిల్లల్ని పెంచే పనిని ఒక దేశపు విశ్వవిద్యాలయాలకు అప్పగించింది, ఆ దేశం కూడా అనుకోకుండానే దాన్ని ఒప్పుకుంది. మన అంతర విశ్వవిద్యాలయ పోటీలు కొద్ది రోజుల్లో ముగిసే టోర్నీలు, వాటిలో ఓడినవాడికి ఎల్లుండి అనేది లేదు. ఐదారు నెలలపాటు వారం వారం జట్టు జట్టుతో ఆడే లీగ్ పెట్టడానికి స్టాన్‌ఫర్డ్ అంత డబ్బు అక్కర్లేదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ చుట్టుపక్కల ఉన్న కాలేజీల మధ్య బస్సు ప్రయాణం చాలు. ఆరు కోర్టులు ఒక్కచోట ఉండటమే కష్టం.

2023 నుంచి పురుషుల ప్రొఫెషనల్ సంఘం కాలేజీ ర్యాంకుల్లో ముందున్న ఇరవై మందికి ఛాలెంజర్ టోర్నీల్లో నేరుగా చోట్లు ఇస్తోంది, 156 డాలర్ల మెట్టు తొక్కకుండా. లీగ్ నుంచి నాకౌట్‌కు దాటే చోట వేసిన వంతెన అది. అవతలి ఒడ్డున మాత్రం నియమాలు మారలేదు. నిశేష్ 2025లో తొలి వందలో కాలు పెట్టాడు. గ్రాండ్‌స్లామ్ ప్రధాన డ్రాలో 128 చోట్లుంటే అందులో 104 ర్యాంకును బట్టి నేరుగా ఇచ్చేవి. మిగతా వాటిలో పదహారు క్వాలిఫయర్లకు, ఎనిమిది వైల్డ్‌కార్డులకు. 104వ వాడు సోమవారం ప్రధాన డ్రాలో ఆడతాడు. అతని వెనకాల నిలబడ్డవాడు ముందు వారమే వచ్చి, ప్రేక్షకులు పల్చగా ఉన్న బయటి కోర్టులో మూడు మ్యాచ్‌లు వరసగా గెలవాలి. ఇద్దరి మధ్య తేడా నూటికి ఒక పాయింటు కూడా ఉండదు, ఆ మూడింటిలో ఒకటి ఓడితే ఎల్లుండి మ్యాచ్ ఉండదు.